టిక్కుమన్న బాణం మళ్ళీ వింటికెక్కకూడదు

ఈసారి వచ్చిన విలువిద్య ప్రశ్నల్లో ఎక్కువ భాగం కార్బన్ బాణాల గురించే. గురి, ఫామ్, విల్లు ఎంపిక లాంటివన్నీ వచ్చే సంచికకు పెట్టి ముందు వీటికి జవాబు రాస్తున్నాను, ఎందుకంటే వీటిలో రెండు ప్రశ్నలు చదివాక నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

ప్రశ్న: మా బాబుకి పదమూడేళ్లు. ఏడాదిగా రికర్వ్ (కొసలు ముందుకి వంగి ఉండే విల్లు) నేర్చుకుంటున్నాడు. కొత్త బాణాలు కొనాలంటే మాకు భారమే, అందుకని వాళ్ళ సీనియర్ ఒకబ్బాయి తను వాడిన కార్బన్ బాణాలు ఎనిమిది సగం ధరకి ఇస్తానంటే తీసుకున్నాం. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ ఒకదాన్ని వంచితే సన్నగా టిక్కుమంటోంది. అడిగితే "అలాంటివి మామూలే ఆంటీ, ఏం కాదు" అన్నాడు. వాడనివ్వొచ్చా?
— ఒక తల్లి, మియాపూర్

జవాబు: వద్దమ్మా. ఆ టిక్కుమన్నదాన్ని ఈ రోజే తీసి పక్కన పెట్టేయండి. మిగతా ఏడింటిని కూడా కింద చెప్పినట్టు చూశాకే బాబు చేతికివ్వండి. ఆ సీనియర్ అబ్బాయి అబద్ధం చెప్పాడని అనను, వాడికీ ఎవరూ చెప్పి ఉండరు, మన గ్రౌండ్లలో బాణం ఎలా వేయాలో నేర్పినంత శ్రద్ధగా బాణాన్ని ఎలా చూసుకోవాలో నేర్పడం లేదు.

వెదురు బాణం పాడైతే చీలిక కంటికి కనబడుతుంది. అల్యూమినియం అయితే వంగిపోతుంది, నేల మీద దొర్లిస్తే తెలిసిపోతుంది. కార్బన్ అలా కాదు. కొబ్బరి ఈనెల్ని కట్టగా పేర్చి జిగురులో ముంచి గట్టిపరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, కార్బన్ షాఫ్ట్ దాదాపు అలాంటిదే, సన్నని పోగుల్ని రెసిన్‌తో పట్టి ఉంచిన పల్చని గొట్టం. టార్గెట్‌లో ఉన్న ఇంకో బాణానికి తగిలినా, గురి తప్పి స్టాండు చెక్కకో వెనక ఉన్న బండరాయికో కొట్టుకున్నా లోపల ఆ పట్టు వదులుతుంది. పైన మాత్రం నల్లగా నున్నగా అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఆ బాణాన్ని వింటికెక్కించి వదిలారనుకోండి. నారి వెనక నుంచి ఒక్కసారిగా తోస్తుంది, ముందున్న మొన బరువుకి వెంటనే కదలదు, దాంతో నడుమ బాణం పాములా వంగుతుంది. మంచి బాణం కూడా వంగుతుంది, స్లో మోషన్ వీడియోలో చూస్తే ఆశ్చర్యపోతారు. పగులున్న బాణమైతే సరిగ్గా ఆ క్షణంలోనే పగిలిన చోట తెరుచుకుని ఈనెలు ఈనెలుగా చీలిపోతుంది, అదీ విల్లు పట్టుకున్న చేతికి జానెడు దూరంలో. ముక్కలు వెళ్ళేది బొటనవేలి మొదట్లోకి, మణికట్టులోకి, ముంజేతిలోకి.

చూసే పద్ధతి కష్టమేం కాదు, బాణానికి నిమిషం కూడా పట్టదు. ముందు నాక్ (వెనక చివర నారిని పట్టుకునే గాడి) నుంచి మొన దాకా వెలుతురులో మెల్లగా తిప్పుతూ చూడండి, గీతలు, గుంటలు, పొర లేచిన చోట్లు ఉన్నాయా అని. తర్వాత కాస్త దూదిని షాఫ్ట్ పొడవునా నడపండి, పోగు లేచి ఉంటే దూది అక్కడ పట్టుకుంటుంది (వేలితో మాత్రం రాయకండి). ఆ తర్వాత రెండు చివరలా పట్టుకుని, ముఖానికి దూరంగా, ఒకటి రెండు అంగుళాల మేర విల్లులా వంచండి. చెవి పెట్టి వినండి. కొంచెం తిప్పి మళ్ళీ వంచండి, ఇలా చుట్టూ నాలుగు నుంచి ఆరు సార్లు. చివరగా రెండు చేతులతో బట్ట పిండినట్టు అటూ ఇటూ మెలితిప్పి చూడండి. టిక్కుమన్నా, చిటపటమన్నా, మెలితిప్పితే సులువుగా తిరిగినా ఆ బాణం పని అయిపోయినట్టే. నాక్ ఊడదీసి ఆ గొట్టం అంచు కూడా చూడాలి, వెంట్రుక లాంటి పగుళ్ళు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే, చాలామంది చూడనిదీ అక్కడే.

ఇదంతా కొన్నరోజు ఒక్కసారి చేసి ఊరుకునేది కాదు. వేసే ప్రతిసారీ ముందు ఒక చూపు, దేనికైనా గట్టిగా తగిలిన బాణమైతే మొత్తం పరీక్ష మళ్ళీ మొదటి నుంచి. తయారుచేసే కంపెనీలే ఈ హెచ్చరిక ఇస్తాయి, ఆ కాగితాన్ని కవరుతో పాటు చెత్తబుట్టలో పడేస్తున్నాం.

ఇంకో మాట, ఇది మీరు అడగలేదు కానీ మీ బాబు వయసు చూసి చెబుతున్నాను. పదమూడేళ్ల పిల్లాడు ఆరు నెలల్లో ఎంత పొడుగవుతాడో మీకు తెలియనిది కాదు, చేతులూ పెరుగుతాయి, నారి ఇంకా వెనక్కి లాగుతాడు. పాత బాణం పొట్టిదైతే పూర్తిగా లాగినప్పుడు మొన రెస్ట్ (విల్లు మీద బాణం ఆనే చోటు) దాటి లోపలికి జారి, వదలగానే నేరుగా చేతిలోకి దిగుతుంది. పూర్తిగా లాగినప్పుడు మొన రెస్ట్‌కి కనీసం అంగుళం ముందుండాలి, నేర్చుకునే పిల్లలకైతే రెండు అంగుళాలున్నా మంచిదే. కోచ్‌ని పక్కన నిలబెట్టి కొలిపించండి.

డబ్బు సంగతి నాకు అర్థమైంది. ఎనిమిదిలో ఆరు నిలబడితే చాలు, 70 మీటర్ల రౌండ్‌లో కూడా ఒక ఎండ్‌కి, అంటే బాణాలు తెచ్చుకునే ముందు ఒక విడతకి, వేసేది ఆరు బాణాలే. నిలబడకపోతే ఇంకొన్నాళ్ళు అల్యూమినియం బాణాలతో నేర్చుకోనివ్వండి, ఈ వయసులో ఆటకేం నష్టం రాదు. తీసేసినదాన్ని మాత్రం ఊరికే మూల పెట్టకండి, ఎవరో ఒకరు బాగుందే అని తీసుకుంటారు. నేనైతే మొన, నాక్ తీసేసి షాఫ్ట్ అంతా ఎర్ర టేపు చుట్టి పారేస్తాను. మొన రాకపోతే స్టవ్ మంట మీద కాల్చకండి, ఆ వేడికి రెసిన్ దెబ్బతింటుంది, మొనతో సహా పోతే పోనివ్వండి.

ప్రశ్న: సార్, నేను కొత్తగా కాంపౌండ్‌కి (కొసల్లో కప్పీలుండే విల్లుకి) మారాను, నారి లాగే బరువు 55 పౌండ్లు. పాత రికర్వ్ బాణాలు 700 స్పైన్‌వి ఉన్నాయి, కొత్తవి వచ్చేదాకా దగ్గర దూరంలో వాటితో ప్రాక్టీస్ చేసుకోవచ్చా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, ఉప్పల్

జవాబు: ఒక్క బాణం కూడా వేయకు తమ్ముడూ. టార్గెట్ పది మీటర్లలో ఉన్నా వంద మీటర్లలో ఉన్నా బాణం మీద పడే దెబ్బ ఒకటే, అది పడేది నారి వదిలినప్పుడు కదా.

స్పైన్ అంటే ఏంటో ఒకసారి సరిగ్గా తెలుసుకో. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్ ఉంచి నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అది ఎంత కిందికి వంగుతుందో అదే ఆ అంకె. 700 అంటే 0.700 అంగుళం, 400 అంటే 0.400. అంకె పెద్దదైతే బాణం మెత్తన. తేలిక రికర్వ్ కోసం చేసిన మెత్తని బాణాన్ని 55 పౌండ్ల కాంపౌండ్ తోస్తే అది వంగాల్సిన దానికన్నా ఎంతో ఎక్కువ వంగుతుంది. పగులేమీ లేని కొత్త బాణం కూడా అలా విరగొచ్చు.

బరువు కూడా చూడాలి. బాణం మరీ తేలికైతే విల్లులోని శక్తిని అది తీసుకుపోలేదు, మిగిలిందంతా విల్లు లింబ్స్ (పైనా కిందా వంగే భాగాలు) మీదే పడుతుంది, ఖాళీ నారి వదిలినట్టే. కాంపౌండ్‌కి మామూలుగా చెప్పే లెక్క పౌండుకి కనీసం 5 గ్రెయిన్లు. నీ 55 పౌండ్లకి 275 గ్రెయిన్లు, అంటే మొన, నాక్, వేన్స్ (వెనక ఉండే చిన్న రెక్కలు) అన్నీ కలిపి దాదాపు 18 గ్రాములు. బంగారం తూచే చిన్న కాటా ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. నీ విల్లుతో వచ్చిన పుస్తకంలో ఇంకా ఎక్కువ ఉండాలని రాసి ఉంటే అదే పాటించు.

హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచిన దగ్గర్నుంచి కాంపౌండ్ అంటే మన పిల్లలకి ఎంత మోజో నేను చూస్తూనే ఉన్నాను, నాకూ సంతోషమే. కొత్త బాణాలు వచ్చేదాకా ఓ రెండు వారాలు విల్లు బ్యాగులోనే ఉండనీ.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పాతిక అడుగుల దూరం దొరుకుతుంది. వెనక పిట్టగోడ, ముందు థర్మాకోల్ షీట్లు పేర్చి ప్రాక్టీస్ చేసుకోవచ్చా? గ్రౌండ్‌కి వెళ్ళాలంటే ట్రాఫిక్‌లోనే గంటన్నర పోతోంది.
— కూకట్‌పల్లి

జవాబు: ట్రాఫిక్ బాధ తెలియంది కాదు, అయినా వద్దు. థర్మాకోల్‌లోంచి బాణం దూసుకుపోతుంది. పిట్టగోడకి కొడితే మొదటి ప్రశ్నలో చెప్పినట్టు లోపల పగులుతుంది, గోడ మీదుగా పోతే కింద రోడ్డు. రికర్వ్ బాణమే గంటకు 200 కిలోమీటర్ల దాకా పోతుంది, కాంపౌండ్‌ది ఇంకా ఎక్కువ. బట్టలు ఆరేసుకోవడానికి ఎవరో తలుపు తీసుకుని పైకి వస్తారు, ట్యాంకు చూడ్డానికి వాచ్‌మన్ వస్తాడు, వాళ్ళకి మీరు అక్కడున్నట్టు కూడా తెలియదు.

రేంజ్‌లో విజిల్ ఉండేది అందుకే. రెండు ఊదితే లైను మీదికి రావాలి, ఒకటి ఊదితే వేయాలి, మూడు ఊదితే బాణాలు తెచ్చుకోవాలి, ఐదో అంతకన్నా ఎక్కువో ఊదితే ఉన్నపళంగా ఆపేయాలి. ఇన్ని కట్టుబాట్లున్న చోట కూడా ప్రమాదాలు జరుగుతున్నాయి. 2020 జనవరిలో అస్సాంలో శిక్షణ సమయంలోనే పన్నెండేళ్ల అమ్మాయి భుజంలోకి బాణం దిగితే ఢిల్లీ ఎయిమ్స్‌కి తీసుకెళ్ళి తీయాల్సి వచ్చింది. ఆ పాప ఫొటో చూసినవాళ్ళెవరూ టెర్రస్ మాట ఎత్తరు.

ఇంట్లో చేయగలిగింది ఉంది. రబ్బరు బ్యాండుతో లాగి పట్టే సాధన చేయండి, అద్దం ముందు భుజాలు చూసుకోండి. విల్లు మాత్రం బాణం లేకుండా లాగి వదలకండి. వారానికి రెండు రోజులైనా గ్రౌండ్‌కి వెళ్ళండి.

ప్రశ్న: రెండు వారాల క్రితం బాణం చేతిలోనే విరిగింది. చిన్న ముక్కలు పిన్నుతో నేనే తీసేశాను. గాయం మానింది కానీ బొటనవేలు వంచితే లోపల గుచ్చుకున్నట్టుంది, సాయంత్రానికి వాస్తోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఇంట్లో చెప్పలేదు.
— దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు ఇంట్లో చెప్పు. ఈ పత్రిక చేతికొచ్చిన రోజే చెప్పు.

నీకు జరిగింది నాకూ జరిగింది. చాలా ఏళ్ళ క్రితం, సాయంత్రం వెలుగు తగ్గుతోంది, ఇంకో ఎండ్ వేసి వెళ్దామనుకున్నాను. అంతకుముందే నా బాణాల్లో ఒకటి పక్కవాడి బాణానికి తగిలిందని తెలుసు. వంచి చూశాను, టిక్కుమంది, గ్రౌండ్‌లో గోల వల్ల అలా అనిపించిందేమో అనుకున్నాను. వదలగానే టపాకాయ పేలినట్టు చప్పుడు. మొదట నొప్పి తెలియలేదు, చూసుకుంటే ఎడమ చేతి బొటనవేలి కింద కండలోంచి నల్లటి పుల్ల అంగుళం బయటికి వచ్చి ఉంది, ఒక్క చుక్క రక్తం లేదు. పక్కనున్నాయన లాగబోతే మా కోచ్ కేక వేసి ఆపాడు. అలా లాగితే లోపల పోగులు విడిపోయి అక్కడే ఉండిపోతాయి. చేయి కదలకుండా తువ్వాలు చుట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. కార్బన్ పోగులు ఎక్స్‌రేకి సరిగ్గా చిక్కవు, ఆ సంగతి మాకప్పుడు తెలియదు. పైకి కనబడేది తీసి కుట్లు వేసి పంపారు. నెల తర్వాత మళ్ళీ వాచింది, ఈసారి వేరే డాక్టరు అల్ట్రాసౌండ్ చేసి చూస్తే నరం పక్కనే ఇంకో ముక్క. ఆపరేషన్ చేసి తీశారు. ఇప్పటికీ చలికాలంలో ఆ వేలి కొస తిమ్మిరెక్కుతుంది.

అందుకని చేతి సర్జరీ చేసే డాక్టరు దగ్గరికి వెళ్ళు. గుచ్చుకుంది కార్బన్ ఫైబర్ అని లోపలికి వెళ్ళగానే చెప్పు, ఎక్స్‌రే తీశారని, ఏమీ కనబడలేదని కూడా చెప్పు, అల్ట్రాసౌండ్ అవసరమా అని నువ్వే అడుగు. టీటీ వేయించుకోకపోతే ఆ మాటా చెప్పు. జ్వరం వచ్చినా, ఎర్రటి చార చేతి పైకి పాకినా, వేలు మొద్దుబారినా రాత్రీ పగలూ చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. పిన్నుతో మళ్ళీ కెలకొద్దు.

విరిగిన బాణం ముక్కలు పారేయలేదు కదా? ఉన్నవన్నీ ఒక కవర్లో వేసి వెంట తీసుకెళ్ళు. వాటిని ఒకదాని పక్కన ఒకటి పేర్చి చూస్తే ఎంత ముక్క తక్కువైందో, చేతిలో ఎంత వెతకాలో డాక్టరుకి ఒక అంచనా దొరుకుతుంది.