మాల వేసుకున్నాక కంపెనీ సెలవు ఇవ్వకపోతే?

స్వామి శరణం. మీరు దీక్షలో ఉన్నారు, మకరజ్యోతికి శబరిమల వెళ్ళడానికి వారం రోజుల సెలవు కావాలి, హెచ్‌ఆర్ వాళ్ళేమో షిఫ్టుల్లో మనుషులు లేరని కుదరదన్నారు. మతపరమైన సెలవు చట్టప్రకారం హక్కేనా, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే ఉద్యోగం పోతుందా అని అడిగారు. నేను పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో 18 ఏళ్ళుగా మస్టర్ (హాజరు పట్టీ) రాస్తున్నాను. సెలవు చీటీలు తీసుకునే వైపు కూర్చున్నవాడిగా చెప్తున్నాను.

దీక్ష సెలవు, రంజాన్ సెలవు అన్న పేర్లతో ఫ్యాక్టరీల చట్టంలో ఏమీ లేదు. మతస్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగం 25వ అధికరణం చూపిస్తే చాలంటారు కొందరు. అది ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది, ప్రైవేటు యజమాని ముందు పెట్టి సెలవు ఇప్పించుకోలేం. తెలంగాణ ప్రభుత్వోద్యోగులకు ఏడాదికి 5 ఐచ్ఛిక సెలవులుంటాయి, రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగుల్ని సాయంత్రం 4కే పంపిస్తారు. ఆ ఉత్తర్వులు మన గేటు దాటి లోపలికి రావు.

మరి మీ చేతిలో ఏముంది? మీ ఈఎల్, అంటే పనిచేసి సంపాదించుకున్న సెలవు (ఎర్న్‌డ్ లీవ్). 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే, ప్రతి 20 రోజులకు ఒకటి చొప్పున మరుసటి ఏడాది జీతంతో సెలవు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఆ 240ని 180కి తగ్గించారు. కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్ళకూ ఇదే లెక్క. ఆ రోజుల్ని కొండకు వాడుకుంటారో కూతురి పెళ్ళికి వాడుకుంటారో మీ ఇష్టం. తేదీ దగ్గరే పేచీ అంతా.

పాత చట్టంలో ఒక మెలిక ఉంది, చాలామంది పట్టించుకోరు. సెలవు మొదలయ్యే రోజుకు కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా అడగాలి. అలా అడిగినా ఇవ్వకపోతే, ఆ నిరాకరించిన సెలవు ఎంతైనా సరే మురిగిపోకుండా వచ్చే ఏడాదికి వెళ్తుంది. మామూలుగా అయితే 30 రోజులు దాటి మోసుకెళ్ళనివ్వరు. నోటిమాటగా కాదన్నదానికి మాత్రం ఏ లెక్కా ఉండదు. అందుకే కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద "ముట్టింది" అని సంతకం, తేదీ వేయించుకోండి. శబరి ఎక్స్‌ప్రెస్ టికెట్ కోసం 60 రోజుల ముందే పొద్దున్నే లేచి కూర్చునేవాళ్ళు సెలవు చీటీ మాత్రం ఇరుముడి కట్టే ముందురోజు తెచ్చి నా బల్ల మీద పెడతారు!

చెప్పకుండా వెళ్తే ఏమవుతుందో 2017లో చూశాను. ప్యాకింగ్‌లో ఒక స్వామి, మంచి పనివాడు. షిఫ్ట్ ఇన్‌చార్జితో నోటితో చెప్పి వెళ్ళాడు. 11 రోజులు రాలేదు. కాగితం లేదు కాబట్టి 11 గళ్ళలోనూ నేనే 'ఎ' (గైర్హాజరు) పెట్టాను. సెలవు లేకుండా 10 రోజులకు మించి రాకపోతే స్టాండింగ్ ఆర్డర్ల (కంపెనీ పని నియమాల) ప్రకారం దుష్ప్రవర్తన కింద లెక్క. తిరిగొచ్చిన రోజు సెక్యూరిటీ అతణ్ణి గేటు దగ్గరే ఆపి షోకాజ్ నోటీసు చేతిలో పెట్టాడు. ఎంక్వైరీలో అతను "వెళ్ళి రా స్వామీ అన్నారు సార్" అన్నాడు. ఇన్‌చార్జి నేలచూపులు చూస్తూ "గుర్తు లేదు" అన్నాడు. చివరికి వార్నింగ్ లెటర్, 11 రోజుల జీతం కోత, హాజరు బోనస్ గల్లంతు. ఆ మర్నాడు అతను అరవణ ప్రసాదం డబ్బా తెచ్చి సరిగ్గా ఆ రిజిస్టర్ మీదే పెట్టి వెళ్ళాడు. మూత తీయడానికి నాకు చేతులు రాలేదు. అడిగి చీటీ రాయించుకోవాల్సింది నేను కూడా కదా.

ఇంకో పొరపాటు కూడా చేస్తారు. వరసగా ఆదివారాలు డ్యూటీ చేసేసి ఆ వీక్లీ ఆఫ్‌లన్నీ కూడబెట్టి కొండకెళ్ళొచ్చు అనుకుంటారు. పాత ఫ్యాక్టరీల చట్టంలోనే ఆదివారం బదులు సెలవును దానికి ముందు మూడు రోజుల్లోనో తర్వాత మూడు రోజుల్లోనో తీసుకోవాలని, పూర్తి సెలవు లేకుండా వరసగా 10 రోజులకు మించి పని చేయించకూడదని ఉండేది. మీ మేనేజరు సరేనన్నా ఆ లెక్క నిలవదు.

మా దగ్గర పని చేసింది మ్యూచువల్, అంటే ఇద్దరు ఒప్పుకుని షిఫ్టులు మార్చుకోవడం. స్వాములకు బి షిఫ్ట్ (మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా) పడితే సాయంత్రం పూజ పోతుంది, రంజాన్‌లో ముస్లిం పనివాళ్ళకు అదే షిఫ్ట్ పడితే ఇఫ్తార్ పోతుంది. కాబట్టి డిసెంబరులో ముస్లింలు బి చేస్తారు, రంజాన్‌లో స్వాములు చేస్తారు. ఇదేదో మతసామరస్యం అని ఫోటోలు దిగేంత లేదు, ఎవరి అవసరం వాళ్ళది. ఒకసారి ఒకడు రెండు షిఫ్టులు వరసగా చేసేసి ఇన్‌స్పెక్షన్‌లో దొరికిపోయాం. అప్పట్నుంచి ఇద్దరి సంతకాలతో ముందురోజే ఫారం ఇవ్వాలన్నాం.

దుస్తుల దగ్గర మాత్రం పట్టు పట్టకండి. మందుల తయారీ గదిలోకి మాలలు, ఆభరణాలు పనికిరావు, చెప్పుల్లేకుండా అడుగు పెట్టనివ్వరు. సేఫ్టీ షూ విషయంలో చట్టం కంపెనీ పక్షమే. మేం స్వాముల్ని ఆ 41 రోజులూ గోడౌన్‌లో లేబుళ్ళ లెక్కకు వేస్తాం. ముందే అడిగినవాళ్ళకు దొరుకుతుంది, గడ్డం పెరిగాక అడిగితే ఆ సీట్లు నిండిపోయి ఉంటాయి.

మీ సంగతికొస్తే, జనవరి 14 చుట్టూ సంక్రాంతికి సగం ఫ్యాక్టరీ ఊరెళ్తుంది. ఆ వారం మీకు ఇస్తే మీ వెనక ఇరవై మంది నిలబడతారని హెచ్‌ఆర్ భయం, అబద్ధమేం కాదు. మీ గురుస్వామి ఒప్పుకుంటే డిసెంబరు మొదట్లో వెళ్ళేలా చూడండి, అప్పుడు కాదనడానికి వాళ్ళకు సాకు ఉండదు. సెలవు చీటీకి రైలు టికెట్, శబరిమల వర్చువల్ క్యూ స్లిప్పు జతచేయండి, తేదీ నిజమేనని ఇన్‌చార్జికి తెలుస్తుంది. ఇంతకీ మీరు పర్మనెంటా, కాంట్రాక్టా? ఈఎల్ ఎన్ని మిగిలున్నాయి? అది చెప్తే చీటీలో ఏం రాయాలో రాసి పెడతాను.