గురువారం పొద్దున్నకీ టర్కీ రాయిలాగే ఉందా?

వంటింటి ప్రశ్నలు - జవాబులు: థ్యాంక్స్‌గివింగ్ ప్రత్యేకం

అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ విందు జరిగే నవంబరు నాలుగో గురువారం దగ్గర పడేసరికి ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో ముప్పాతిక వంతు టర్కీ కోడి గురించే ఉంటాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులు ఇస్తున్నాం. వేడి లెక్కలన్నీ ఫారెన్‌హీట్‌లోనే.

ప్రశ్న: ఈసారి విందు మా ఇంట్లో. పెద్దవాళ్లు పదిమంది, పిల్లలు నలుగురు. పెద్దవాళ్లలో ముగ్గురు శాకాహారులు. ఎంత టర్కీ కొనాలి? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ఎముకతో కలిపి మనిషికి పౌండు నుంచి పౌండున్నర. పిల్లల్ని సగం లెక్కలో వేసుకుంటే మీకు 12 పౌండ్లు సరిపోతుంది. మర్నాటికి కూడా మిగలాలంటే 14 తీసుకోండి. 20 దాటిన దాని జోలికి మాత్రం పోకండి. అంత పెద్దది ఫ్రిజ్‌లో పట్టదు, గడ్డ కరగదు, లోపల ఉడికేలోపు పైన మాడుతుంది. జనం మరీ ఎక్కువైతే 12 పౌండ్లవి రెండు కొనడం నయం.

కొనేటప్పుడు అట్ట మీద చిన్న అక్షరాలు చదవండి. ఇంత శాతం ‘సొల్యూషన్’ కలిపామని రాసి ఉంటే దానికి ముందే ఉప్పునీళ్లు ఎక్కించారన్నమాట. కోషర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం తయారుచేసిన) టర్కీకి కూడా ముందే ఉప్పు పట్టించి ఉంటుంది. ఈ రెండింటికీ ఇంట్లో మళ్లీ ఉప్పు పట్టిస్తే నోట పెట్టలేరు.

ప్రశ్న: పోయినేడాది సోమవారమే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. గురువారం పొద్దున చూస్తే లోపల చెయ్యి దూరలేదు, అంతా మంచుగడ్డ. రాత్రంతా బయట పెట్టి ఉంటే సరిపోయేదా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: బయట పెట్టకపోవడమే మంచిదైంది. గట్టు మీద పెడితే లోపల ఇంకా గడ్డగా ఉండగానే పైభాగం 40 డిగ్రీలు దాటేస్తుంది. 40కీ 140కీ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అందుకే పచ్చి మాంసాన్నిగానీ వండిన దాన్నిగానీ రెండు గంటలకు మించి బయట ఉంచకూడదంటారు.

ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి 4, 5 పౌండ్లకీ ఒక రోజు పూర్తిగా పడుతుంది. 14 పౌండ్ల దానికి మూడున్నర రోజులు. ఉప్పు పట్టించడానికి ఇంకో రోజు కావాలి కదా, కాబట్టి శనివారం పొద్దున్నే ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చండి. నీళ్లు కారతాయి, అంచులున్న ట్రేలో పెట్టి అట్టడుగు అరలో ఉంచండి. కరిగాక మరో ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో నిక్షేపంగా ఉంటుంది.

బుధవారం కూడా గట్టిగానే ఉంటే చన్నీళ్ల పద్ధతి ఒకటుంది. కవరు చిల్లి లేకుండా చూసుకుని, సింకులో చన్నీళ్లు నింపి ముంచండి. అరగంటకోసారి నీళ్లు మార్చాలి. పౌండుకి అరగంట, అంటే 14 పౌండ్లకి ఏడు గంటలు. ఇలా కరిగించినదాన్ని మళ్లీ దాచకుండా వెంటనే వండెయ్యాలి. వేడినీళ్లు మాత్రం వద్దు.

గురువారం పొద్దున్నకీ రాయిలాగే ఉందా? కంగారు పడకండి, అలాగే అవెన్‌లో పెట్టెయ్యొచ్చు. అవెన్ 325 మీద ఉండాలి, టైము మాత్రం మామూలు కంటే ఒకటిన్నర రెట్లు. నాలుగు గంటల్లో అయ్యేది ఆరు గంటలు తీసుకుంటుంది. పైభాగం మెత్తబడ్డాక ఉప్పూ నూనే రాయండి. లోపల ఇరుక్కున్న పొట్లాన్ని కరిగిన వెంటనే పటకారుతో లాగెయ్యండి. ఇలా వండేదాంట్లో స్టఫింగ్ (పొట్టలో కూరే బ్రెడ్ మిశ్రమం) పెట్టకూడదు, గడ్డకట్టినదాన్ని నూనెలో వేయించకూడదు.

ఆ పొట్లం సంగతి చాలామందికి తెలియదు. మెడ ముక్క, గుండెకాయ, కందనకాయ, కార్జం టర్కీ లోపలే పెట్టి అమ్ముతారు. రెండు పక్కలా వెతకండి. పొట్ట ఖాళీలో ఒకటి, మెడ దగ్గర తోలు కింద ఇంకొకటి ఉండొచ్చు.

ప్రశ్న: చికెన్‌లాగే శుభ్రంగా కడిగి, పసుపు రాసి పెట్టొచ్చా? (ఇర్వైన్, కాలిఫోర్నియా)

జవాబు: పసుపు మీ ఇష్టం. కడగడం మాత్రం వద్దు. అంత పెద్ద పక్షిని కుళాయి కింద పెడితే చిమ్మే నీళ్లు సింకు మీదా, పక్కనున్న సలాడ్ గిన్నె మీదా పడతాయి. పేపర్ టవల్‌తో తడి అద్దితే చాలు. తడి పోతేనే తోలు కరకరలాడుతుంది.

ప్రశ్న: ప్రతి ఏడాదీ ఇదే తంతు. చెస్ట్ పీస్ కొబ్బరిపీచులా ఎండిపోతుంది, తొడ దగ్గర ఎర్రగా ఉంటుంది. అరగంటకోసారి పైన రసం పోస్తూనే ఉన్నాను. (నేపర్‌విల్, ఇల్లినాయ్)

జవాబు: టర్కీ ఒకటే గానీ అందులో రెండు రకాల మాంసం ఉంది, చిక్కంతా అక్కడే. చెస్ట్‌లో కొవ్వు తక్కువ, 165 దాటిందంటే ఎండటం మొదలు. తొడ నిత్యం పనిచేసే కండ, అందులో బంధన కణజాలం ఎక్కువ. 165 దగ్గర తినడానికి భయం లేదు గానీ నమిలితే సాగుతుంది, 175 దగ్గర మెత్తబడుతుంది. అంటే వెనకబడి ఉడికే భాగానికే ఎక్కువ వేడి కావాలి. రసం పోయడం వల్ల దీనికేం పరిష్కారం లేదు. ఆ రసం తోలు మీంచి జారి ట్రేలోకే పోతుంది, లోపలికి ఇంకదు. పైగా తలుపు తీసినప్పుడల్లా అవెన్ చల్లబడుతుంది, తోలు మెత్తబడుతుంది. ఆ పని మానెయ్యండి.

చెస్ట్‌ని కాపాడేది ముందే పట్టించిన ఉప్పు. ఉప్పు మెల్లగా లోపలికి దిగి, మాంసం ముడుచుకుని నీళ్లు వదిలెయ్యకుండా పట్టి ఉంచుతుంది. పౌండుకి రెండున్నర గ్రాముల ఉప్పు, 14 పౌండ్లకి 35 గ్రాములు. చెంచాతో కొలిస్తే మోసపోతారు. మెత్తటి టేబుల్ సాల్ట్ చెంచాకి 6 గ్రాములు తూగితే, పలచటి పలుకుల కోషర్ సాల్ట్ అదే చెంచాకి 3 గ్రాములే తూగుతుంది. మెడ వైపు నుంచి వేళ్లు పోనిచ్చి, తోలు చిరగకుండా చెస్ట్ మీంచి వదులు చేసి, సగం ఉప్పు నేరుగా మాంసానికి రాయండి. మిగతాది పైనా లోపలా. మంగళవారం రాత్రి రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. గురువారానికి తోలు కాగితంలా ఆరిపోయి కనిపిస్తుంది. అలాగే ఉండాలి, కడిగెయ్యకండి.

అవెన్ 325. స్టఫింగ్ లేని 14 పౌండ్లదానికి మూడున్నర నుంచి నాలుగు గంటలు. కాళ్లు అవెన్ వెనక గోడ వైపు ఉండేలా పెట్టండి, చాలా అవెన్లలో వెనకే వేడి ఎక్కువ. చెస్ట్ రంగు తిరిగాక దాని మీద మాత్రం ఫాయిల్ కప్పండి. రెండూ ముప్పావు గంటల నుంచి థర్మామీటర్ పెట్టి చూడండి. చెస్ట్‌లో బాగా దళసరిగా ఉన్న చోట, తొడలో ఒంటికి అతుక్కునే మడత లోపల, థర్మామీటర్ మొన ఎముకకి తగలకుండా గుచ్చాలి. తగిలితే అంకె తప్పు చూపిస్తుంది. రెండు చోట్లా కనీసం 165 రావాలి. టర్కీతో పాటు వచ్చే, ఉడికిందని చెప్పడానికి పైకి తన్నుకొచ్చే ప్లాస్టిక్ పుల్లని నమ్మకండి. అది లేచేసరికి చాలాసార్లు చెస్ట్ ఎండిపోయి ఉంటుంది. రంగునీ నమ్మకండి. 165 వచ్చాక కూడా ఎముక పక్కన గులాబీ రంగు ఉండొచ్చు, అంకె సరిగ్గా ఉంటే భయం లేదు.

చెస్ట్ 165కి వచ్చేసి, తొడ 150 దగ్గరే ఆగిందనుకోండి. రెండు కాళ్లూ కీలు దగ్గర కోసి, వేరే ట్రేలో పెట్టి మళ్లీ అవెన్‌లోకి తోసెయ్యండి. ఇరవై నిమిషాల్లో అందుకుంటాయి. ఎలాగూ కోసే వడ్డిస్తారు, ఎవరూ కనిపెట్టరు.

ఫొటోకి పక్షి నిండుగా కనపడాలన్న పట్టుదల లేకపోతే అసలైన మందు ఇంకోటుంది. గట్టి కత్తెరతో వెన్నెముకకి రెండు పక్కలా కత్తిరించి తీసెయ్యండి. చెస్ట్ పైకి వచ్చేలా తిప్పి దాని ఎముక మీద అరచేత్తో బలంగా నొక్కితే ఫట్‌మని విరిగి పరుచుకుంటుంది. కాళ్లూ చెస్టూ ఒకే ఎత్తులోకి వస్తాయి. 425లో గంటన్నర, అటూ ఇటూగా. ట్రేలో ఉల్లిపాయ, క్యారెట్ ముక్కలు పరిచి, పైన జాలీ పెట్టండి. లేకపోతే కారే కొవ్వు మాడి పొగ అలారం మోగుతుంది.

బయటికి తీశాక అరగంట నుంచి నలభై నిమిషాలు ముట్టుకోవద్దు. ఫాయిల్ వదులుగా కప్పండి, బిగిస్తే ఆవిరికి తోలు నానిపోతుంది. ఆ సమయంలో అవెన్ మిగతా వంటలకి ఖాళీ అవుతుంది. కోసేటప్పుడు చెస్ట్‌ని ఒక్కో పక్క మొత్తంగా ఎముక మీంచి విడదీసి, పలక మీద పెట్టి పీచుకి అడ్డంగా ముక్కలు కొయ్యండి.

ప్రశ్న: అల్లం వెల్లుల్లి, పెరుగు, గరం మసాలా పట్టిస్తే లోపలికి దిగుతుందా? గాట్లు పెట్టాలా? (కేరీ, నార్త్ కరోలినా)

జవాబు: లోపలికి దిగేది ఉప్పే. మసాలా రెండు రోజులున్నా పైపొర దాటదు. గాట్లు పెడితే చెస్ట్ ఇంకా ఎండుతుంది. అల్లం వెల్లుల్లి ముద్దని మెత్తబడిన వెన్నలో కలిపి తోలు కింద రాయండి, అక్కడైతే మాడదు. పైన పెరుగు పూస్తే నల్లమచ్చలు పడతాయి, తోలు కరకరలాడదు. మసాలా రుచి కావాలంటే గ్రేవీలో వెయ్యండి.

ప్రశ్న: గ్రేవీ ఉండలు కడుతోంది, ఉప్పు కషాయంలా ఉంటోంది. (ఆల్ఫరెటా, జార్జియా)

జవాబు: మెడ, గుండెకాయ, కందనకాయ, ఒక ఉల్లిపాయ, రెండు సెలరీ కాడలు, బిర్యానీ ఆకు వేసి ఉప్పు లేకుండా రెండు గంటలు సన్నసెగ మీద మరిగిస్తే స్టాక్ తయారు. కార్జం వెయ్యకండి, చేదు వస్తుంది. కప్పు గ్రేవీకి రెండు టేబుల్‌స్పూన్ల కొవ్వు, రెండు టేబుల్‌స్పూన్ల మైదా. ట్రేలో కారిన రసం మీద తేలే కొవ్వు తీసుకోండి, చాలకపోతే వెన్న కలపండి. మైదా పచ్చివాసన పోయి లేత బిస్కెట్ రంగు వచ్చేదాకా వేయించి, స్టాక్ గరిటె గరిటెగా పోస్తూ కలుపుతూ ఉండండి. మొదట ముద్దలా బిగుసుకుంటుంది, భయపడకండి. మొత్తం ఒకేసారి గుమ్మరిస్తేనే ఉండలు. కట్టేస్తే జల్లెడలో వడపోయండి.

ఉప్పు ఎక్కువవడానికి కారణం ట్రేలోని రసం. ఉప్పు పట్టించిన టర్కీ నుంచి కారింది కదా. దాన్ని చివర్లో, రుచి చూస్తూ కొంచెం కొంచెంగా కలపండి. మీకు కావాల్సినదానికంటే కాస్త పలచగా ఉండగానే దించండి, చల్లారితే చిక్కబడుతుంది.

ప్రశ్న: స్టఫింగ్ లోపల పెట్టాలా, విడిగా చెయ్యాలా? శాకాహారులకి ఏం పెట్టొచ్చు? (బెల్‌వ్యూ, వాషింగ్టన్)

జవాబు: విడిగా. లోపల పెడితే దాని నడిమధ్య కూడా 165 రావాలి, అప్పటికి చెస్ట్ పని అయిపోతుంది. ఒక పౌండు బ్రెడ్‌ని ముక్కలు చేసి 250లో గంటసేపు ఎండబెట్టండి. తాజా బ్రెడ్ అయితే ముద్దయిపోతుంది. ఒక స్టిక్ (ఎనిమిది టేబుల్‌స్పూన్ల) వెన్నలో రెండు కప్పుల ఉల్లిపాయ, నాలుగు సెలరీ కాడల తరుగు మగ్గించి, సేజ్ ఆకు తరుగు ఒక టేబుల్‌స్పూను, రెండు గుడ్లు, రెండు రెండున్నర కప్పుల స్టాక్ కలపండి. 350లో ఫాయిల్ కప్పి అరగంట, తీసేసి మరో పావుగంట.

శాకాహారుల పళ్లెం విషయంలో జాగ్రత్త. గుడ్డు తినరేమో అడగండి. వాళ్ల స్టఫింగ్ కూరగాయల స్టాక్‌తో వేరే ట్రేలో చెయ్యండి, గరిటె కూడా వేరే పెట్టండి. చిలగడదుంపల మీద చల్లే మార్ష్‌మాలోల్లో జంతువుల ఎముకల నుంచీ తోలు నుంచీ తీసే జెలటిన్ ఉంటుంది. బయట కొన్న ‘పై’ (pie) అడుగు పొరలో పంది కొవ్వు వేసి ఉండొచ్చు, అట్ట చూడండి. క్రాన్‌బెర్రీ సాస్‌తో మాత్రం ఏ పేచీ లేదు. 12 ఔన్సుల సంచి పండ్లు, కప్పు పంచదార, కప్పు నీళ్లు పోసి పది నిమిషాలు మరిగిస్తే పండ్లు టప్‌టప్‌మని పగులుతాయి. పలచగా ఉందని ఇంకా మరిగించకండి. అందులో పెక్టిన్ ఎక్కువ, చల్లారాక తనే గడ్డ కడుతుంది.

ప్రశ్న: బంగాళాదుంపల్ని మిక్సీలో వేస్తే జిగురుగా వచ్చింది. (ట్రాయ్, మిషిగన్)

జవాబు: మిక్సీ బ్లేడు దుంపలోని పిండిపదార్థాన్నంతా బయటికి చిమ్మేస్తుంది, అదే ఆ బంక. పప్పుగుత్తితో మెదపండి. ఉడికాక నీళ్లు వార్చి, రెండు నిమిషాలు పొయ్యి మీదే తడి ఆర్చి, ముందు వెన్న, తర్వాత వేడి పాలు.

ప్రశ్న: నూనెలో వేయిస్తే గంటలో అయిపోతుందట. గరాజ్‌లో చెయ్యొచ్చా? (చాండ్లర్, అరిజోనా)

జవాబు: గరాజ్‌లో వద్దు, చెక్క డెక్ మీద కూడా వద్దు. ఇంటికి దూరంగా, చదును నేల మీదే చెయ్యాలి. మాంసంలో కాస్త మంచు మిగిలున్నా నూనెలో పడగానే ఆవిరై ఎగదన్నుతుంది, పొంగిన నూనె మంట మీద పడితే భగ్గుమంటుంది. ఎంత నూనె పొయ్యాలో ముందే నీళ్లతో కొలిచి చూసుకుని, గిన్నెనీ టర్కీనీ పూర్తిగా ఆరబెట్టండి. మంట అంటుకుంటే నీళ్లు చల్లకండి.

ప్రశ్న: మిగిలినదాన్ని ఎన్నాళ్లు ఉంచొచ్చు? (యాష్‌బర్న్, వర్జీనియా)

జవాబు: ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. అవెన్‌లోంచి తీసిన రెండు గంటల్లోపే ఎముక మీంచి మాంసం ఒలిచి, లోతు తక్కువ డబ్బాల్లో సర్దండి. మొత్తం ఒకే పెద్ద గిన్నెలో కుక్కితే మధ్యలో ఎంతకీ చల్లారదు. వేడి చేసేటప్పుడు రెండు చెంచాల స్టాక్ చిలకరించి మూత పెట్టండి, మళ్లీ 165 రావాలి. ఎముకలు పారెయ్యకండి. ముక్కలుగా విరిచి, మునిగేటన్ని నీళ్లు పోసి మూడు గంటలు మరిగించి, వడకట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. వచ్చే ఏడాది గ్రేవీదాకా ఉంచొద్దు గానీ, నాలుగైదు నెలలపాటు చారుకీ సూపుకీ పనికొస్తుంది.