మా తమ్ముడికి నేను చెప్పిన ఆయింట్‌మెంట్

చిన్న వయసు వాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ మీద అవగాహన ఎలా పెంచాలని అడిగారు. మార్చి నెల ప్రచారాలు, నీలం రిబ్బన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. నన్నడిగితే ముందు మలం గురించి మాట్లాడటానికి సిగ్గుపడటం మానాలి.

మా తమ్ముడికి అప్పుడు 34. ఒక రాత్రి ఫోన్ చేసి, అవీ ఇవీ మాట్లాడి, పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "అక్కా, నీకు కాన్పయ్యాక మొలలొచ్చాయి కదా, ఏం మందు వాడావు?" అన్నాడు. ఆయింట్‌మెంట్ పేరు చెప్పాను. నీళ్లు బాగా తాగమన్నాను. రక్తం ఎన్నాళ్లుగా పడుతోంది, మలంలో కలిసి వస్తోందా, వెళ్లొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపిస్తోందా అని ఒక్క ముక్క అడగలేదు. వాడు ఇబ్బంది పడుతున్నాడని నేనే మాట మార్చేశాను.

ఎనిమిది నెలలు గడిచాయి. మధ్యలో ఒక డాక్టరుకి చూపించుకున్నాడు. ఆయన పడుకోబెట్టి చూడనే లేదు. "ఈ వయసులో ఇంకేముంటుంది, మొలలే" అని మందు రాశారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని మళ్లీ వెళ్తే హిమోగ్లోబిన్ 8 ఉందని ఐరన్ మాత్రలిచ్చి పంపారు. 34 ఏళ్ల మగవాడికి ఒంట్లో రక్తం ఎటు పోతోందని ఆలోచించొద్దా? నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. అవగాహన కావాల్సింది జనానికే అనుకుంటాం గానీ, ముందు ఇలాంటి డాక్టర్లకి కావాలి.

చివరికి ఇంకో డాక్టరమ్మ గ్లౌజు వేసుకుని మలద్వారం లోపల వేలితో పరీక్ష చేశారు. నిమిషం పట్టలేదు, గడ్డ తగిలింది. కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ, ముక్క తీసి పరీక్షించే బయాప్సీ ఆ తర్వాతే. అప్పటికే పక్కనున్న లింఫ్ గ్రంథులకి పాకింది, మూడో దశ. రేడియేషన్, కీమో, ఆపరేషన్, కొన్ని నెలలు మలం పోవడానికి పొట్టకి సంచి. ఇప్పుడు ఉద్యోగానికి వెళ్తున్నాడు.

ఆ ప్రచారాల పోస్టర్ల మీద ఎప్పుడూ తల నెరిసిన దంపతులే ఎందుకుంటారు? హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్ ఇదే జబ్బుతో 2020లో 43 ఏళ్లకే పోయాడు. అమెరికాలో 1950 ప్రాంతంలో పుట్టినవాళ్లతో పోలిస్తే 1990 ప్రాంతంలో పుట్టినవాళ్లకి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు రెండింతలు, పేగు చివరి భాగంలో అయితే నాలుగింతలని లెక్కలు తేల్చాయి. అక్కడ 2021లో స్క్రీనింగ్, అంటే ముందుజాగ్రత్త పరీక్షలు, మొదలుపెట్టే వయసుని 50 నుంచి 45కి దించారు. మంచిదే. కానీ అది ఏ లక్షణమూ లేనివాళ్ల కోసం. రక్తం పడుతున్నవాళ్లు 25 ఏళ్లకైనా సరే వెంటనే చూపించుకోవాలి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. అమ్మానాన్నల్లోగానీ తోబుట్టువుల్లోగానీ ఒకరికి వస్తే మిగతావాళ్లు 40 ఏళ్లకి, లేదా జబ్బు వచ్చినవాళ్లకి అది బయటపడిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పటినుంచి కొలనోస్కోపీ చేయించుకోవాలి. మా తమ్ముడి లెక్కన నాకు 24 ఏళ్లకే. నేను 37లో వెళ్లాను.

ముందు రోజు రాత్రి పేగు ఖాళీ చేసే మందు తాగుతుంటే వాడే ఫోన్ చేశాడు. "ఏ రంగులో వస్తోందక్కా? నీళ్లలా, లేత పసుపుగా వచ్చేదాకా తాగాలి. లేకపోతే లోపల సరిగ్గా కనిపించదు" అని గట్టిగానే అడిగాడు. నేనూ అంతా చెప్పాను. మర్నాడు పేగు గోడ మీద చిన్న పాలిప్, అంటే బుడిపెలాంటిది, ఒకటి దొరికింది. అక్కడికక్కడే తీసేశారు.