కూలి ఇంటి నుంచి జీతం ఇంటికి: మధ్యలో ఒక షూరిటీ సంతకం

"కష్టపడి చదివితే కూలి కుటుంబం ఒక్క తరంలో మధ్యతరగతికి చేరగలదా, లేక ఇవన్నీ ఉత్త మాటలేనా?" అని ఒకరు నన్ను రాసి అడిగారు. 2018లో ఓఈసీడీ అనే దేశాల కూటమి ఇచ్చిన నివేదిక ప్రకారం మన దేశంలో అట్టడుగున ఉన్న కుటుంబం సగటు ఆదాయానికి రావడానికి 7 తరాలు పడుతుందని కూడా రాశారు.

మా ఇంట్లో ఒక్క తరంలోనే జరిగింది. నేను కరెంటు ఆఫీసులో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును), మా నాయన బండల కూలి. అయితే ఇది చదువు వల్లే జరిగిందంటే నేను ఒప్పుకోను. కష్టం వల్ల అంటే అసలే ఒప్పుకోను. మా నాయన తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో 22 ఏళ్ళు పనిచేశాడు. రాత్రి ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా రాతిపొడి ఉండేది. స్నానం చేసినా చెవుల్లోంచి పోయేది కాదు. అంతకంటే కష్టపడిన మనిషిని నేను చూడలేదు, ఆ కష్టానికి ఆయన ఉన్నచోటే ఉన్నాడు. కష్టపడితే ఎవరైనా పైకి రావచ్చని ఫోన్‌లో వీడియోలు చేసేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండుతుంది. వాళ్ళు ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, ఆ కటింగ్ మిషన్ దగ్గర నిలబడి ఆ మాట చెప్పాలి.

నా లెక్కలో పేదవాడికీ మధ్యతరగతి మనిషికీ తేడా జీతం కాదు. అవసరం పడిన రోజు మన కోసం షూరిటీ సంతకం పెట్టే మనిషి ఉన్నాడా లేడా అన్నదే తేడా.

2005లో నాకు అనంతపురం జేఎన్టీయూలో ఎలక్ట్రికల్ సీటు వచ్చింది. ప్రభుత్వ కాలేజీ కాబట్టి ఫీజు తక్కువే. కానీ ఫీజు, హాస్టల్, మెస్ అడ్వాన్సు, పుస్తకాలు, డ్రాయింగ్ గీసే డ్రాఫ్టరు అన్నీ కలిపితే 18 వేలు దాటింది. మా నాయన 25 వేల చీటీ కడుతున్నాడు, నెలకు వెయ్యి, 25 నెలలు. ఏడో నెలలో 6 వేలు తగ్గించుకుని పాట పాడాడు. చేతికి 19 వేలు రావాలి. చీటీ ఆఫీసులో మాత్రం ఇద్దరు షూరిటీ కావాలన్నారు. ఇద్దరూ జీతగాళ్ళే కావాలి, శాలరీ సర్టిఫికెట్లు తేవాలి.

మాకు తెలిసినవాళ్ళలో నెల జీతం ఉన్నవాళ్ళు ఎవరని ఆ రాత్రి అమ్మా నాయనా కూర్చుని లెక్కపెట్టారు. ముగ్గురు తేలారు. మా స్కూలు సారు మంచివాడే, అప్పటికే ముగ్గురికి సంతకాలు పెట్టి ఒకరి బాకీ తానే కడుతున్నాడు. ఫ్యాక్టరీలో గుమాస్తా దసరా అయ్యాక చూద్దాం అన్నాడు. అడ్మిషన్ గడువు దసరా దాకా ఆగదని ఆయనకూ తెలుసు. మూడో ఆయన మాకు దూరపు చుట్టం, అనంతపురంలో ఒక ఆఫీసులో అటెండరు. నన్ను కూడా తీసుకుని మా నాయన వాళ్ళింటికి పోయాడు. ఆయన భార్య బయటికొచ్చి మంచినీళ్ళిచ్చి, "ఇంట్లో లేడన్నా, డ్యూటీకి పోయినాడు" అనింది. లోపల్నుంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆ దగ్గు ఎవరిదో మా నాయనకు బాగా తెలుసు, వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే నాపరాయి గనిలో పనిచేశారు. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, "సరేమ్మా, వస్తే మేమొచ్చిపోయినామని చెప్పు" అని లేచాడు. బస్టాండు దాకా ఏమీ మాట్లాడలేదు.

అప్పట్లో మా ఊరికి రాత్రి 9 గంటలకు ఒక ఆర్టీసీ బస్సు వచ్చేది. రాత్రి మా ఊళ్ళోనే ఆగి, తెల్లవారి అయిదున్నరకు తాడిపత్రికి పోయేది. డ్రైవరు, కండక్టరు రామాలయం అరుగు మీద పడుకునేవాళ్ళు. మా ఇల్లు దానికి ఎదురుగానే. రెండేళ్ళుగా మా అమ్మ వాళ్ళకు చెంబుతో నీళ్ళు, ఉన్నరోజు సంగటి, ఊరిబిండి పంపేది. ఏదో ఆశించి కాదు. మన ఇంటి ముందర మనిషి పస్తు పడుకోకూడదని మా జేజి అనేది, అందుకే.

మరుసటి రోజు తెల్లవారి బస్సులో టికెట్ కొడుతూ కండక్టరే మా నాయనను అడిగాడు, "ఏమన్నా, తల దించుకున్నావే?" అని. నాయన విషయం చెప్పాడు కానీ సంతకం పెట్టమని అడగలేదు. అడగాలని ఆయనకు తట్టలేదట, కండక్టరు కూడా జీతగాడేనన్న సంగతి ఆ క్షణం దాకా మా ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. ఆయన వెంటనే సరే అనలేదు. నెలకెంత, ఇంకా ఎన్ని నెలలు మిగిలాయి, ఫ్యాక్టరీ మూతపడితే ఎట్ల కడతావు అని గుచ్చిగుచ్చి అడిగాడు. "నువ్వు తప్పితే నా జీతంలో కోస్తారు, తెలుసు గదా" అన్నాడు. రెండు రోజుల తర్వాత డిపో నుంచి శాలరీ సర్టిఫికెట్ తెచ్చాడు. రెండో షూరిటీకి తన డ్రైవరును కూడా పట్టుకొచ్చాడు. సంతకం పెట్టి పెన్ను మూసి, "మా ఇంట్లో మాత్రం తెలియనీయద్దన్నా" అని ఒక్క మాట అడిగాడు.

చీటీలో మిగిలిన ఆ 18 నెలల్లో ఒకసారి ఫ్యాక్టరీ నెలన్నర మూతపడింది. మా అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి కట్టింది. చాలా రోజులు చెవుల్లో వేప పుల్లలు పెట్టుకుని తిరిగింది. నేను సెలవులకు వచ్చి అడిగితే, "ఆ మనిషి జీతం కోస్తే వాళ్ళింట్లో తెలిసిపోతాది" అనింది. మా చీటీ ఒక్క నెల కూడా తప్పలేదు.

కాలేజీలో నా యాస విని నవ్వినవాళ్ళున్నారు. "యాడికి పోతాండావు" అంటే హాస్టల్లో వారం రోజులు అదే మాట నాకు తిప్పి అనేవాళ్ళు. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో కొత్తగా పరిచయమైనవాళ్ళు మొదట అడిగేది ఊరు, రెండోది పొలం ఎంత అని, మూడోది ఇంటిపేరు. ఎందుకు అడుగుతారో అందరికీ తెలుసు. జీతం పెరిగినా ఈ మూడు ప్రశ్నలు పోలేదు.

ఇంకొకటి, పైకి రావడం గురించే అందరూ అడుగుతారు. మా అనంతపురంలో కిందికి జారినవాళ్ళే నాకు ఎక్కువ కనిపిస్తారు. నా చిన్ననాటి స్నేహితుడి వాళ్ళకు 18 ఎకరాల మెట్ట. ఊళ్ళో మొదటి టీవీ వాళ్ళింట్లోదే, ఆదివారం సినిమాకు మేమంతా వాళ్ళ వాకిట్లో కూర్చునేవాళ్ళం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. అదీ శెనక్కాయ పూత మీద ఉన్నప్పుడు, ఊడలు దిగేటప్పుడు పడాలి. పడలేదు. బోర్లు వేశారు, ఒకటి కాదు ఏడు. ఒక్కదాంట్లో రెండేళ్ళు నీళ్ళొచ్చాయి. ఇప్పుడు వాడు బెంగుళూరులో ఒక అపార్ట్‌మెంటుకు సెక్యూరిటీ గార్డు. వాడి చీటీకి నేను షూరిటీ పెట్టాను. వాడు కట్టలేకపోయాడు. నా జీతంలో నెలకు 3,500 చొప్పున 14 నెలలు కోశారు. మా ఇంట్లో గొడవైంది, నాకూ కోపం వచ్చింది. వాడు సిగ్గుపడి ఫోన్ ఎత్తడం మానేశాడు, అదే నాకు ఎక్కువ బాధ. డబ్బు సంగతి వదిలేశానని మెసేజ్ పెట్టాను, ఇంకా జవాబు లేదు. ఆ తర్వాత కూడా నేను సంతకాలు పెడుతూనే ఉన్నాను, ఇప్పటికి 11 అయ్యాయి.

7 తరాల లెక్కకు వస్తాను. అదే నివేదికలో డెన్మార్క్‌కు 2 తరాలే. అక్కడి పిల్లలు మన పిల్లల కంటే తెలివైనవాళ్ళని నేను నమ్మను. అక్కడ ప్రతి బిడ్డకూ ప్రభుత్వమే షూరిటీగా నిలబడుతుంది, తేడా అదే. మన దగ్గరా అలా నిలబడిన సందర్భాలున్నాయి. హిందూపురం దగ్గర కొడిగెనహళ్ళిలో 1972లో గురుకుల పాఠశాల పెట్టారు, పరీక్ష రాసి సీటు తెచ్చుకున్న పల్లె పిల్లలకు తిండి, పడక, చదువు అన్నీ అక్కడే. తర్వాత రాజశేఖర రెడ్డి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. మా చుట్టుపక్కల ఊళ్ళలో బెంగుళూరు, హైదరాబాదు ఉద్యోగాలకు పోయినవాళ్ళను అడగండి, ఈ రెండింటిలో ఒకటి లేకుండా పోయినవాళ్ళు చాలా తక్కువ.

కాగితం మీద నిబంధన ఉన్నా కింద అమలు కాకపోవడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 4 లక్షల లోపు విద్యా రుణానికి ఆస్తి తాకట్టూ అక్కర్లేదు, మూడో మనిషి షూరిటీ కూడా అక్కర్లేదు, తల్లో తండ్రో బిడ్డతో కలిసి సంతకం పెడితే చాలు. బ్యాంకుల సంఘం తయారుచేసిన పథకంలోనే ఆ మాట ఉంది. మా ఊరి అమ్మాయి ఒకామె రుణానికి పోతే, ఒక బ్యాంకులో గవర్నమెంటు ఉద్యోగి షూరిటీ తెమ్మన్నారు. మీకు ఇలాంటి మాట ఎదురైతే నోటితో వాదించకండి, ఆ మాటే కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వకపోతే ఆ బ్యాంకు పై ఆఫీసుకు ఫిర్యాదు పెట్టండి.

నేను కూడా ఆ అమ్మాయితో పోయి అదే అడిగాను. మేనేజరు రేపు రమ్మన్నాడు, రేపటికి ఇంకో రేపు. అడ్మిషన్‌కు నాలుగు రోజులే మిగిలాయి. అయిదో సారికి నా శాలరీ స్లిప్పు జతచేసి సంతకం పెట్టేశాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉంది. ఆ రోజు బ్యాంకు మెట్ల మీద వాళ్ళ నాయన నన్ను పక్కకు పిలిచి, "సార్, మేం కట్టలేకపోతే నెలకు మీకెంత కోస్తారు?" అని అడిగాడు. చెప్పాను. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ అంకె రాసుకున్నాడు.