చిన్నీ, పవర్ వేరు, సైజు వేరు

చిన్నీ,

నిన్న ఫోన్లో నీ ఐసీఎల్ గురించి, అదే కంటి లోపల పెట్టే పవర్ లెన్స్ గురించి, నువ్వు అన్న మాట రాత్రంతా మనసులో మెదిలింది. "మా ఫ్రెండ్‌కి 13.2 పెట్టారట అత్తా, నాకు 12.6 అంటున్నారు. నా పవరే ఎక్కువ కదా?" అన్నావు. నీ మైనస్ 9కి తగ్గ పవర్ లెన్స్‌లో ఉంటుంది. సైజు మాత్రం నీ కంటి లోపల ఎంత చోటు ఉందో దాన్ని బట్టి. గాజుల్లో రెండూ నాలుగు, రెండూ ఆరు అంటాం చూడు, అలా. గాజైతే వేసుకుని చూస్తాం. దీనికి కొలతే ఆధారం.

ఐసీఎల్ నాలుగు సైజుల్లోనే వస్తుంది: 12.1, 12.6, 13.2, 13.7 మిల్లీమీటర్లు. అది ఐరిస్ (కంటిలోని రంగు పొర) వెనక, నీ సొంత లెన్స్‌కి ముందు కూర్చుంటుంది. ఆ రెండు లెన్సుల మధ్య ఖాళీని వాల్ట్ అంటారు, సుమారు అర మిల్లీమీటరు ఉంటే మాకు నిశ్చింత. సైజు చిన్నదై ఖాళీ మరీ తగ్గితే శుక్లం వచ్చే భయం. పెద్దదైతే ఐరిస్‌ని ముందుకు నెడుతుంది, కంట్లో నీరు బయటికి పోయే దారి ఇరుకై ప్రెషర్ పెరగొచ్చు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రాడికి ఈ సైజు కోసమే నల్లగుడ్డు అడ్డం కొలత తీశాను. మెషిన్ 11.2 చూపించింది, అదే రాసేశాను. పెద్ద డాక్టరుగారు ఆ కంటిని లైటు కింద చూసి, మళ్ళీ తీయమన్నారు. ముక్కు వైపు నుంచి సన్నటి కండ పొర ఒకటి నల్లగుడ్డు మీదికి పాకింది. అసలు అంచు ఎక్కడో మెషిన్ పోల్చుకోలేదు. ఈసారి 11.7. సైజే మారిపోయింది. ఆ అబ్బాయి కన్ను ఇప్పటికీ నాకు గుర్తే.

అందుకే నువ్వు కూడా రెండు మెషిన్లలో కొలిపించుకో. తేడా వస్తే ఎందుకొచ్చిందో అడుగు, మొహమాటపడకు. పైగా అది బయటి కొలత, లోపలి వెడల్పు దాన్ని బట్టి అంచనా మాత్రమే. యూబీఎం అనే కంటి అల్ట్రాసౌండ్ స్కాన్ ఉంటే లోపలి చోటు నేరుగా కనిపిస్తుంది. మత్తు చుక్కలు వేసి, కంటి మీద నీళ్ళు నింపిన చిన్న గిన్నెలాంటిది పెడతారు. చల్లగా ఉంటుంది, అంతే. కాంటాక్ట్ లెన్సులు ఎన్ని రోజుల ముందు ఆపాలో ముందే కనుక్కో. రెండు కళ్ళకీ ఒకే సైజు రావాలని లేదు.

ఆపరేషన్ రోజు ఇంటికి పంపే ముందు కంటి ప్రెషర్ చూస్తారు. చూడకపోతే అడుగు. ఆ రాత్రి కన్ను బాగా నొప్పి పెట్టి, వాంతి వచ్చినట్టుంటే తెల్లారేదాకా ఆగకు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళు. వాల్ట్ తేడాగా ఉందని తర్వాత తేలినా టెన్షన్ పడకు, లెన్స్ తీసి వేరే సైజు పెట్టే వీలుంది.

రెండు కళ్ళ రిపోర్టులూ ఫొటో తీసి నాకు పంపు. డేటు ఖాయం చేసుకునే లోపే పంపు తల్లీ.

మీ అత్త