పాడని పిల్లకు పాటల లోకంలో ఉద్యోగమా?

ప్రశ్న: మాది గుంటూరు. 2011లో కెనడా వచ్చాం, ఇప్పుడు మిస్సిసాగాలో ఉంటున్నాం, సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. మా అమ్మాయి గ్రేడ్ 12. లెక్కల్లో, ఫిజిక్స్‌లో మంచి మార్కులు. కంప్యూటర్ సైన్స్‌కు వెళ్తుందనుకున్నాం. ఇప్పుడేమో మ్యూజిక్ ఇండస్ట్రీలో పని చేస్తానంటోంది. పాడదు, ఏ వాయిద్యమూ వాయించదు. స్కూల్ ప్రోగ్రాములకు సౌండ్, లైట్లు చూసుకుంటుంది, అంతే. ఒక ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది మ్యూజిక్ ప్రొడక్షన్ డిప్లొమా, ఫ్యాన్‌షా కాలేజీలో రెండేళ్ల కోర్సు, టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో నాలుగేళ్ల డిగ్రీ చూసుకుంది. ఈ మూడింట్లో ఏది మంచిది? అసలు పాడనివాళ్లకు ఈ ఫీల్డ్‌లో ఉద్యోగాలుంటాయా? కంప్యూటర్ సైన్స్ చదివి దీన్ని హాబీగా పెట్టుకోమంటే తప్పా? నేను వచ్చిన కొత్తలో రెండేళ్లు వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు చేశాను. పిల్ల ఆ కష్టం పడకూడదనే ఇదంతా. నలుగురిలో ఏం చెప్పుకోవాలో తెలియట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కాలేజీల సంగతికి తర్వాత వస్తాను. మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది వేర్‌హౌస్ మాట. పెట్టెలు మోసే రాత్రుల నుంచి మీరు బయటపడ్డారు. మీ అమ్మాయి కోరి మళ్లీ అక్కడికే వెళ్తోందేమోనని మీ భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకొకటైనా వస్తాయి. కోర్సు పేరు, ఊరి పేరు మారుతుంటాయి, అడుగున ఉండే మాట ఇదే. ఈ భయంలో కొంత నిజముంది కాబట్టి దాన్ని కొట్టిపారేయను.

ముందు ఆ ‘నలుగురి’ సంగతి. మీ తెలుగు సంఘం వాళ్ల ఉగాది ప్రోగ్రాం గుర్తు తెచ్చుకోండి. అద్దె హాలు, పట్టు లంగాల్లో పిల్లలు, ప్రార్థన మొదలవ్వగానే మైకు కుయ్యిమంటుంది. మీరు చెప్పే ఆ నలుగురూ, మిగతా మూడొందల మందీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి ఒక మనిషి కోసం వెతుకుతారు. మూల బల్ల దగ్గర ఉండాల్సిన ఆ మనిషి టీకి వెళ్లాడు. పాడనివాళ్లకు ఏం పని ఉంటుందని ఆ నిమిషంలో ఎవరూ అడగరు.

ఇక కెనడాలో ఈ తెర వెనక పనులు ఇన్ని ఎందుకున్నాయో చెబుతాను. పక్కనే అమెరికా. రేడియో అంతా వాళ్ల పాటలతో నిండిపోతోందని 1971లో సీఆర్‌టీసీ, అంటే రేడియో, టీవీ ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ, ఒక నిబంధన తెచ్చింది. వేసే పాటల్లో 30 శాతం కెనడావి ఉండాలంది. తర్వాత అది 35 శాతం అయింది. కెనడా పాటంటే ఏమిటి? సంగీతం, గాయకుడు, ప్రదర్శన, సాహిత్యం అనే నాలుగింట్లో రెండు కెనడావైతే కెనడా పాటే. ఈ లెక్క ఎంత మెలికలదంటే, కెనడా రాక్ గాయకుడు బ్రయాన్ ఆడమ్స్ అంతటివాడు 1991లో తెచ్చిన ఆల్బమ్‌లోని పాటలు, విదేశీయుడితో కలిసి రాశాడన్న కారణంగా, కెనడావి కాకుండా పోయాయి. పెద్ద గొడవ జరిగాక నిబంధన సవరించారు.

ఏ పాటలో ఎవరి వాటా ఎంతో కాగితం మీద తేల్చడం ఇక్కడ కొన్ని వందల మందికి పొద్దున లేస్తే చేసే ఉద్యోగం. ఇండస్ట్రీ అనగానే మనకు ఈ పని తట్టదు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పెద్ద బోర్డు ముందు కూర్చున్న మనిషే కళ్ల ముందుకొస్తాడు.

ఆ హెడ్‌ఫోన్ల మనిషి మీదే నా అనుమానమంతా. పిల్లలందరూ ప్రొడ్యూసరే కావాలంటారు. మన సినిమాల్లోలా డబ్బు పెట్టేవాడు కాదు, స్టూడియోలో కూర్చుని పాటకు రూపమిచ్చేవాడు. అడిగితే ర్యాపర్ డ్రేక్ వెనక నోవా షెబిబ్ లేడా అంటారు, మరో పేరున్న ప్రొడ్యూసర్ డేనియల్ లన్వా పేరు చెబుతారు. నిజమే. ఆ లన్వా మొదలుపెట్టింది వాళ్లమ్మ ఇంటి బేస్‌మెంట్‌లో, అన్నదమ్ములిద్దరూ కలిసి. ఏ డిప్లొమా తీసుకుని కాదు. ఇవాళ మీ అమ్మాయి లాప్‌టాప్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ ప్రతి ఇంటి బేస్‌మెంట్‌లోనూ ఉంది. అందుకే పెద్ద స్టూడియోల్లో కుర్చీలు పెరగలేదు, తగ్గాయి. క్యూబెక్‌లోని మోరిన్ హైట్స్‌లో కొండల మధ్య ఒక స్టూడియో ఉండేది. రష్, పోలీస్ లాంటి బ్యాండ్లు అక్కడ రికార్డు చేశాయి. అది మూతపడింది, పాడుబడింది, 2017లో కాలిపోయింది. మిగిలిన స్టూడియోల్లో కొత్తగా చేరినవాళ్లు మొదటి ఏడాది చేసేది కాఫీలు తేవడం, ఫోన్లు ఎత్తడం, కేబుళ్లు సర్దడం.

ఏడాది డిప్లొమా అమ్మే ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్లు అన్నీ మోసమని నేననను. మంచి టీచర్లు ఉన్నచోట్లు ఉన్నాయి. కానీ ఫీజు చాలా ఎక్కువ, కాలం చాలా తక్కువ. ‘95 శాతం ప్లేస్‌మెంట్’ లాంటి బోర్డు కనిపిస్తే ఏ ఉద్యోగాల్లో ప్లేస్ అయ్యారో అడగండి. కాఫీ షాపు ఉద్యోగం కూడా ఆ లెక్కలో చేరుతుందా? పోయినేడు బయటికొచ్చిన ఇద్దరితో మాట్లాడించమనండి. ఆ మాటకు కౌంటర్ దగ్గర వాళ్ల ముఖం ఎలా మారుతుందో చూస్తే మీకే చాలావరకు తెలిసిపోతుంది. మూడేళ్ల కిందట ఇలాగే ఒక కుర్రాడు అప్పు చేసి చదివి నా దగ్గరికొచ్చాడు. వినిపించిన మిక్సింగ్ బ్రహ్మాండంగా ఉంది. అలాంటి మిక్సింగ్ చేసేవాళ్లు ఆ వారంలోనే నాకు మరో ముగ్గురు తగిలారు. ఇప్పుడతను ఆఫీసు మీటింగ్ హాళ్లలో మైకులు, స్క్రీన్లు బిగించే కంపెనీలో ఉన్నాడు, జీతం బాగుంది. ఆ ఉద్యోగానికి అంత అప్పు అక్కర్లేదు.

మీ అమ్మాయి చేస్తున్నది వేరు, మీరు ‘అంతే’ అని తేల్చేశారు గానీ. స్కూల్లో సౌండ్, లైట్లు చూసుకోవడమంటే లైవ్ షోల వైపు అడుగు పడిందని. జనం రికార్డులు కొనడం మానేసినా కచేరీలకు వెళ్లడం మానలేదు. టొరంటోలో 1894లో కట్టిన మాసీ హాల్‌ను పెద్ద మరమ్మతులు చేసి 2021లో మళ్లీ తెరిచారు. 2025లో అదే నగరంలోని డౌన్స్‌వ్యూలో 50 వేల మంది పట్టే కచేరీ స్టేడియమే లేచింది. ఒక పెద్ద షో వచ్చిందంటే పొద్దున్నుంచి ట్రక్కులు దిగుతాయి. చక్రాల పెట్టెలు దించాలి, స్పీకర్లు పైకెత్తాలి, రాత్రి షో అయ్యాక అన్నీ విప్పి మళ్లీ ట్రక్కెక్కించాలి. జనవరిలో మైనస్ పదిహేనులో లోడింగ్ డాక్ తలుపు తెరిచే ఉంటుంది. అవును, ఇది మీ వేర్‌హౌస్‌లాగే ఉంటుంది. ఆ మాట దాచను.

తేడా ఎక్కడో ఒక చిన్న సంగతి చెబుతాను. ఈ పనిలో మొదటిరోజు నేర్పేది కేబుల్ చుట్టడం. మనవాళ్లు తాడు చుట్టినట్టు మోచేతికి చుడితే లోపలి తీగ మెలిపడి, నాలుగు షోలకే పాడవుతుంది. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి మార్చి మార్చి వేయాలి. అలా చుట్టింది విసిరితే నేల మీద గీత గీసినట్టు పడుతుంది. మీ అమ్మాయిని ఒకసారి చేసి చూపించమనండి. ఆమె చేతికి అది వచ్చేసి ఉంటే, ప్రైవేట్ డిప్లొమాలో మొదటి నెల ఫీజు మీకు మిగిలినట్టే. పెట్టెలు మోసేవాళ్లు కొన్నేళ్లకు సిస్టమ్ టెక్నీషియన్, స్టేజీ మీదివాళ్లకు వినిపించే సౌండ్ చూసుకునే మానిటర్ ఇంజనీర్, లైటింగ్ ప్రోగ్రామర్ అవుతారు. టొరంటో స్టేజీ కార్మికులకు ఐయాట్సీ లోకల్ 58 అని యూనియన్ ఉంది. అందులోకి వెళ్లగలిగితే రేట్లు, ఓవర్‌టైమ్ కాగితం మీద ఉంటాయి. వెళ్లడానికి మాత్రం ఓపిక కావాలి. చెవులకు కొలత తీసి చేసే ఇయర్‌ప్లగ్‌లు మొదటి ఏడాదే చేయించండి, దానిలో పిసినారితనం వద్దు.

రెండో దారి ఇందాక చెప్పిన కాగితాల పని. మీ అమ్మాయికి ఇది ఎవరూ చెప్పి ఉండరు. ఒక టీవీ ఎపిసోడ్‌లో 14 సెకన్లు వీణ వినిపించిందనుకోండి. ఎవరో ఒకరు క్యూ షీట్ అనే కాగితంలో ఆ ముక్క పేరు, స్వరకర్త, పబ్లిషర్, ఎన్ని సెకన్లు, నేపథ్యంలో వచ్చిందా తెర మీద వాయించారా అన్నది నింపాలి. దాన్ని పట్టుకునే, పాటల హక్కుల డబ్బు వసూలు చేసే సోకాన్ అనే సంస్థ ఆ స్వరకర్తకు డబ్బు పంపుతుంది. రేడియోలో పాట వస్తే రికార్డింగ్ హక్కుదారులకు, వాయించినవాళ్లకు రీసౌండ్ అనే మరో సంస్థ నుంచి వస్తుంది. ఒకచోట పేరు సత్యనారాయణ అనీ, ఇంకోచోట సత్యనారాయన్ అనీ, వేరేచోట ఇంటిపేరు ముందూ వెనకా అయ్యీ ఉంటే డబ్బు ఎవరికీ చేరక ఆగిపోతుంది. అందుకే స్వరకర్తకు ఒక నంబరు, పాటకు ఒక నంబరు, రికార్డింగ్‌కు ఐఎస్‌ఆర్‌సీ అని పన్నెండు అక్షరాల కోడు. ఇనీషియళ్లతో పాస్‌పోర్టు ఆఫీసు చుట్టూ తిరిగిన ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ సమస్య వేరే వివరించాలా? ఈ లక్షల వరుసల్ని సరిచేసేవాళ్లకు డేటాబేస్‌లు తెలియాలి. మీ కంప్యూటర్ సైన్స్ వచ్చి కలిసేది ఇక్కడే.

ఇలాంటిదే గ్రాంట్ల పని. 1982 నుంచి ఫ్యాక్టర్ అనే నిధి ఉంది. రేడియో కంపెనీల డబ్బు, ప్రభుత్వ డబ్బు కలిపి కళాకారుల రికార్డింగులకు, టూర్లకు ఇస్తుంది. అప్లికేషన్ రాయాలి, బడ్జెట్ వేయాలి, చివర్లో రసీదులన్నీ పెట్టి లెక్క అప్పజెప్పాలి. మన దగ్గర యుటిలైజేషన్ సర్టిఫికెట్ రాసిన గుమస్తాలకు ఈ పని నిద్రలో కూడా వచ్చు. పాడేవాళ్లలో ఇది చేయగలిగినవాళ్లు తక్కువ, అందుకే చేసిపెట్టేవాళ్లకు డిమాండ్. స్ట్రీమింగ్ కంపెనీలు కూడా 5 శాతం ఇవ్వాలని 2024లో సీఆర్‌టీసీ చెప్పింది, కంపెనీలు కోర్టుకెక్కాయి. ఆ డబ్బును నమ్ముకుని మాత్రం ఏ ప్లానూ వేయకండి.

ఇప్పుడు మీకు కోపం వచ్చినా ఒక మాట. ‘కంప్యూటర్ సైన్స్ చదివి దీన్ని హాబీగా పెట్టుకోమంటే తప్పా’ అన్నారు. కంప్యూటర్ సైన్స్ చదవమనడం తప్పు కాదు. ఆమె చేతికొచ్చిన పనిని హాబీ అనడం తప్పు. ఉత్తరంలో ఆమె మార్కులు రాశారు, ఆమె ఏం చేయలేదో రాశారు, ఆమె నడిపిన షో ఒక్కటైనా చూశానని రాయలేదు. సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇళ్లలోనూ ఉద్యోగాలు పోయాయన్న ఫోన్లు ఈ మధ్య మోగుతున్నాయని మీకూ తెలుసు. ఏ దారీ పూచీకత్తు ఇవ్వదు. పదిహేడేళ్లకే తనకేది ఇష్టమో తెలిసి, మూడు కోర్సులు వెతికి పట్టుకున్న పిల్లను చూసి మీరు ఇంత బెంగపడుతున్నారు. ఏమీ పట్టని పిల్లల తల్లిదండ్రులు నాకు రాసే ఉత్తరాలు మీరు చూడలేదు.

ఇక పోలిక. ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పేశాను, దాన్ని పక్కన పెట్టండి. ఫ్యాన్‌షా ఉన్నది లండన్‌లో, మన ఒంటారియో లండన్. అక్కడి మ్యూజిక్ ఇండస్ట్రీ ఆర్ట్స్ పాత కోర్సు, ప్రభుత్వ కాలేజీ, చేతిపనితో పాటు వ్యాపారమూ నేర్పుతారు. మీ అమ్మాయి స్వభావానికి అది దగ్గరగా ఉంది. టొరంటో మెట్రోపాలిటన్‌లో డిగ్రీ వస్తుంది, నగరంలోనే ఉంటుంది, సాయంత్రాలు హాళ్లలో పని చేసుకోవచ్చు. మ్యూజిక్ డిగ్రీల్లో చాలావాటికి వాయిద్యం మీద ఆడిషన్ ఉంటుంది కాబట్టి ఏం అడుగుతారో ముందే కనుక్కోండి. నన్నడిగితే నాలుగో దారి కూడా బాగుంది. కంప్యూటర్ సైన్సో, కామర్సో చదువుతూ మొదటి ఏడాది నుంచే క్యాంపస్ రేడియోలోనో, క్యాంపస్ ఈవెంట్ల సౌండ్ టీమ్‌లోనో చేరడం. ఏది ఎంచుకున్నా మొదటి రెండు మూడేళ్లు చేతికొచ్చేది ఒంటారియో కనీస వేతనానికి కాస్త అటూ ఇటూ. ఫ్రీలాన్స్ అయితే పన్నెండు నెలల్లో బిల్లులు 30 వేల డాలర్లు దాటాయంటే హెచ్‌ఎస్‌టీ అనే అమ్మకపు పన్నుకు రిజిస్ట్రేషన్ తప్పదు. ‘అనుభవం వస్తుంది, ఊరికే చేయండి’ అంటే, కాలేజీ కోర్సులో భాగం కానప్పుడు అలా జీతం లేకుండా చేయించుకోవడం ఒంటారియోలో సాధారణంగా చట్టవిరుద్ధమని ఆమెకు చెప్పి పంపండి.

ఇది గుంటూరులోనో కరీంనగర్‌లోనో చదువుతున్న తల్లిదండ్రులు, దయచేసి ఈ సలహాను మీ పిల్లలకు అలాగే వర్తింపజేయకండి. ఈ అమ్మాయి సిటిజన్. 2024 నవంబర్ 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు అప్లై చేసి కాలేజీ డిప్లొమాలో చేరేవాళ్లకు, ఆ కోర్సు ప్రభుత్వం ప్రకటించిన రంగాల జాబితాలో ఉంటేనే చదువయ్యాక వర్క్ పర్మిట్ వస్తుంది. ఆ జాబితా వ్యవసాయం, ఆరోగ్యం, సైన్స్–టెక్నాలజీ, చేతివృత్తులు, రవాణా లాంటి రంగాలది. డిగ్రీలకు ఆ షరతు లేదు. కళాకారులకు దారిగా ఉన్న సెల్ఫ్ ఎంప్లాయ్డ్ ప్రోగ్రాంలో కొత్త దరఖాస్తులు తీసుకోవడం 2024 ఏప్రిల్ 30న ఆపేశారు. ఏజెంటు ఇంకోలా చెబితే కోర్సు కోడు రాసిమ్మనండి, మీరే జాబితాలో వెతకండి.

మళ్లీ మీ దగ్గరికి. వచ్చే స్కూల్ షోకు ముందు వరసలో కాకుండా సౌండ్ బల్ల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చోండి. మాట్లాడించకండి, పనిలో ఉంటుంది. తర్వాత బూట్లు కొనిపెట్టండి. లోడింగ్ డాక్‌లో పని చేయాలంటే ముందు భాగంలో ఉక్కు ఉన్న సేఫ్టీ బూట్లు కావాలి, కెనడా ప్రమాణాల సంస్థ సీఎస్‌ఏ పచ్చ త్రిభుజం గుర్తు ఉన్నవి. ఎవరివి రాత్రంతా నిలబడినా కాలు కొరకవో, ఏవి మూడు నెలలకే సోల్ ఊడిపోతాయో నాకంటే మీకే బాగా తెలుసు.