దేవుణ్ణి తలుచుకుంటే శాస్త్రానికి ద్రోహం చేసినట్టేనా?

ప్రశ్న: నా వయసు 31. మాలిక్యులర్ బయాలజీలో పరిశోధన చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి దైవభక్తి ఎక్కువ. ప్రయోగం మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకోవడం అలవాటు. అది చూసి ల్యాబ్‌లో ఒకతను 'ఇక నీకు పీహెచ్‌డీ దేనికి?' అని అందరి ముందూ నవ్వాడు. మావారు నాస్తికులు. ఆయన కూడా 'రెండు పడవల మీద కాళ్ళు పెడుతున్నావు' అంటారు. క్వాంటమ్ ఫిజిక్స్ ఆత్మ ఉందని రుజువు చేసిందంటూ వచ్చే వీడియోలు చూస్తున్నాను గానీ మనసు ఒప్పుకోవడం లేదు. ప్రార్థన మానేసి రెండు నెలలైంది. అప్పటి నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు. నేను చేసింది ఆత్మవంచనా? ఆర్నెల్ల క్రితం నాన్నగారు ఐసీయూలో ఉన్నప్పుడు రోజూ ప్రార్థించాను. ఆయన దక్కలేదు.

జవాబు: ఆత్మవంచన కాదమ్మా. అది ఎక్కడ మొదలవుతుందో మీ వృత్తే మీకు నేర్పింది. పీసీఆర్‌తో డీఎన్ఏ ముక్కకు నకళ్ళు తీసేటప్పుడు డీఎన్ఏ వేయకుండా ఉత్త నీళ్ళు వేసిన ట్యూబ్ ఒకటి పక్కన పెడతారు కదా. ఆ డీఎన్ఏ ఉంటే జెల్ మీద ఒక గీత పడుతుంది. ఆ గీత ఉత్త నీళ్ళ వరసలో కూడా కనిపించిందంటే ఎక్కడో కల్తీ జరిగినట్టే. ఎంత కష్టపడి చేసిన ప్రయోగమైనా పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. అలాంటి రోజున 'దేవుడున్నాడు, ఏం కాదులే' అని ఆ గీతను చూడనట్టు ఊరుకున్నారా? ఇంత మథనపడుతున్న మనిషి ఊరుకుని ఉండరని నా నమ్మకం. ఊరుకోనప్పుడు మీ ప్రార్థన మీ పనికి ఏ హానీ చేయలేదు. 1979లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో అబ్దుస్ సలామ్ గొప్ప దైవభక్తుడు, స్టీవెన్ వైన్‌బర్గ్ నాస్తికుడు. విడివిడిగా పనిచేసి ఇద్దరూ ఒకే సిద్ధాంతానికి చేరుకున్నారు. ఈ మాట చెప్పి ల్యాబ్‌లో అతని నోరు మూయించమనడం లేదు. ఆ నవ్వుకు ఇంత విలువ ఇవ్వకండి, అంతే.

వీడియోలు మాత్రం ఈ రోజే మానేయండి. మీ మనసు ఒప్పుకోవడం లేదంటే మీ చదువు సరిగ్గా పనిచేస్తోందన్నమాట. ఆత్మ ఉందనో లేదనో చెప్పే సమీకరణం క్వాంటమ్ సిద్ధాంతంలో లేదు. విశ్వం ఒక తొలి పరమాణువు నుంచి పుట్టుకొచ్చిందని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లమేత్ర్ బెల్జియానికి చెందిన కాథలిక్ మతాచార్యుడే. 1951లో పోప్ 12వ పయస్ ఈ విజ్ఞానం సృష్టికర్తకు సాక్ష్యం పలుకుతోందన్నట్టు ప్రసంగిస్తే, సంతోషించాల్సింది పోయి లమేత్ర్ ఇబ్బంది పడ్డారు. తన సిద్ధాంతం మతపరమైన ప్రశ్నల జోలికే పోదని, దేవుణ్ణి కాదనేవాళ్ళు కూడా దాన్ని నిక్షేపంగా అంగీకరించవచ్చని ఆయన అభిప్రాయం. నమ్మకానికి సైన్స్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే, రేపు ఆ సిద్ధాంతం మారిన రోజున నమ్మకం గతేమిటి?

ఒక్క విషయంలో నేను మొహమాటపడను. ఈ జబ్బుకు మందు అక్కర్లేదనో, ఆ పరీక్ష అనవసరమనో నమ్మకం చెబితే దాని మాట వినకూడదు. అక్కడ ఆధారాలదే చివరి మాట.

ఇక, ప్రశ్న అడిగేశాక చివర్లో నాన్నగారి గురించి ముక్తసరిగా రాశారు చూడండి, నేను ఎక్కువసేపు ఆగిపోయింది అక్కడే. అంత వేడుకున్నా వినలేదన్న కోపం, నా ప్రార్థనలోనే లోపం ఉందేమోనన్న బాధ లోపల ఉన్నాయేమో చూసుకోండి. మీరు మానేసింది శాస్త్రం కోసమా, దేవుడి మీద అలిగా? అలిగితే తప్పేమీ లేదు. కన్నతండ్రి పోయి ఆర్నెల్లే అయింది. ఐసీయూ బయట చేసిన ప్రార్థనను ఫలించిందా, విఫలమైందా అని ప్రయోగంలా లెక్కగట్టకండి. చేతిలో ఇంకేమీ లేనప్పుడు నాన్నను వదల్లేక మీరు పట్టుకున్న ఆధారం అది. మళ్ళీ ప్రార్థించాలనిపిస్తే ఎవరి అనుమతీ అడగకండి. అనిపించకపోతే బలవంతాన చేయనూ వద్దు.

మీవారి సంగతికొస్తే, డార్విన్ దంపతులు గుర్తొస్తున్నారు. ఆయనకు మతవిశ్వాసం క్రమంగా సడలిపోయింది. భార్య ఎమ్మా మాత్రం విశ్వాసాన్ని వదల్లేదు. మరణానంతరం ఇద్దరం చెరో చోట ఉంటామేమోనన్న దిగులు ఆమెది. పెళ్ళైన కొత్తలోనే ఆ మాట ఆయనకు ఉత్తరంలో రాసింది. ఆయన వాదనకు దిగలేదు. ఆ ఉత్తరాన్ని జీవితాంతం దాచుకున్నారు, దాన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చానని దాని మీదే రాసుకున్నారు. 1851లో పదేళ్ళ కూతురు ఆనీ చనిపోయినప్పుడూ ఆ దుఃఖాన్ని ఇద్దరూ కలిసే మోశారు. మీవారితో దేవుడున్నాడా లేడా అన్న చర్చ పెట్టుకోకండి. 'నాన్న గుర్తొస్తున్నారు, రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు' అని చెప్పండి. ఆ మాటకు నాస్తికుడి దగ్గరా జవాబు ఉంటుంది. 'పడవల' మాట మిమ్మల్ని ఎంత నొప్పించిందో కూడా సూటిగా చెప్పండి.

రెండు నెలలుగా నిద్ర లేకపోవడాన్ని టెన్షన్ అని సరిపెట్టుకోకండి. ఈ వారంలోనే డాక్టరును కలవండి, నాన్నగారి విషయం కూడా దాచకుండా చెప్పండి. మీవారిని వెంట రమ్మనండి.